నలభై అయిదో చీటీ

కార్బన్ కాగితాలు రెండూ సరిగ్గా సర్ది, చీటీల పుస్తకాన్ని అరచేత్తో నొక్కి చూసుకున్నారు లేటు మాస్టారు. తెల్ల చీటీ క్లాసు టీచరుకి, పసుపుది ఇంటికి. గులాబీది పుస్తకంలోనే ఉండిపోవాలి. పెన్ను గట్టిగా నొక్కితే తప్ప గులాబీ దాకా అక్షరం దిగదు. ఏళ్ల తరబడి నొక్కి నొక్కి ఆయన చూపుడు వేలి కొసన చిన్న గుంట పడింది.

బడి గేటు పక్కన, గోడ నీడలో ఆయన బల్ల. ఒక కాలు పొట్టిది కాబట్టి దాని కింద మడతపెట్టిన అట్టముక్క ఉంటుంది. ఎనిమిదికి ఇంకా పది నిమిషాలుంది. తెల్ల మేజోళ్లు, నీలం గౌనులు, నీలం నిక్కర్లు గుంపులుగా లోపలికి పోతున్నాయి. చాపెల్ మెట్ల దగ్గర మరియమాత విగ్రహం ముందు ఆగి సిలువ గుర్తు వేసుకుని, వేసుకున్న మరుక్షణం పరుగెత్తి, పరుగెత్తకూడదన్న రూలు గుర్తొచ్చి నడుస్తున్నాయి. ఆ రూలూ ఆయన టైపు చేసిందే.

ఆయన నిజానికి మాస్టారు కారు. ఒక్క పాఠమూ చెప్పి ఎరగరు. మూడు నెలల సెలవు ఖాళీలో టైపు కొట్టడానికి వచ్చిన గుమాస్తా. సెలవు పెట్టినావిడ మళ్లీ రాలేదు, ఈయన మళ్లీ వెళ్లలేదు. ముప్పై ఒక్కేళ్లయింది. ఆలస్యంగా వచ్చిన పిల్లలకి చీటీ రాసిచ్చే పని కాబట్టి లేటు మాస్టారయ్యారు. కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులు కొందరు ఈయనే రోజూ ఆలస్యంగా వస్తాడనుకుంటారు. ఇంకొందరు, ఎవరో పోయిన మాస్టారి గురించి అనుకుని చేతులు జోడిస్తారు. ఈ సంగతి విన్న రోజున ఆయన భార్య, "బాగుంది. బతికుండగానే మిమ్మల్ని లేటు చేసేశారు," అని వంటింట్లో చాలాసేపు నవ్వింది. ముప్పై ఒక్కేళ్లలో ఆయన ఒక్క రోజూ ఆలస్యంగా రాలేదు. పెళ్లైన మర్నాడు కూడా వచ్చారని ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

ఈ పూట ఆయన చూపు గేటు మీద లేదు, గేటు అవతల రోడ్డు మలుపు మీద ఉంది. రెండో తరగతి పిల్ల ఒకతి అక్కడి నుంచి రావాలి. రెండు జడలుంటాయి గానీ ఎప్పుడూ ఒక జడకే రిబ్బను ఉంటుంది. రెండోది చేతిలో పట్టుకుని పరుగెత్తుకొస్తుంది. అందుకే ఆయన మనసులో దానికి ఒంటి రిబ్బను అని పేరు పెట్టుకున్నారు.

దాని లెక్క ఆయనకి నోటికి వచ్చు. ఈ ఏడాది నలభై నాలుగు ఆలస్యాలు, ఆరు గైర్హాజరులు. నియమావళి పుస్తకం తొమ్మిదో పేజీలో ఉంది: 3 ఆలస్యములు ఒక గైర్హాజరుగా పరిగణింపబడును. గైర్హాజరు ఇరవై దాటిన విద్యార్థి పేరు హాజరుపట్టీ నుండి తొలగింపబడును. నలభై నాలుగులో మూళ్లు పద్నాలుగు. పద్నాలుగూ ఆరూ ఇరవై. ఇరవై దాటలేదు. ఇంకొక్క చీటీ రాస్తే దాటుతుంది.

నిన్న పసుపు చీటీ వెనకాల, "రేపటి నుంచి తప్పకుండా వేళకి పంపండి," అని రాశారు. అలా రాయడం రూలు కాదు. ఆ పిల్ల తల్లి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ ఆయా అని ఆయనకి తెలుసు. ఆవిడ ఏడింటికి డ్యూటీ దిగి, బస్సెక్కి ఇల్లు చేరేదాకా పసివాడైన తమ్ముణ్ణి చూసుకునేది ఒంటి రిబ్బనే. తల్లి గుమ్మంలో అడుగు పెట్టాకే ఇది గుమ్మం దాటాలి. బస్సు సరిగ్గా వస్తే వేళకి వస్తుంది, లేకపోతే మూడు నిమిషాలో నాలుగు నిమిషాలో ఆలస్యం. ఈ ఏడాది బస్సు నలభై నాలుగు సార్లు సరిగ్గా రాలేదు.

బడి ఆయా గంట తాడు పట్టుకుంది.

"మీ గడియారం ముందుకి పోతోందేమో చూడు," అన్నారు మాస్టారు.

"చాపెల్ గడియారం చూసే కొడుతున్నాను మాస్టారూ," అంటూ కొట్టేసింది.

గేటు ముయ్యడానికి ఆయన ఎప్పుడూ పదడుగులు వేస్తారు. ఈ రోజు ఇరవై వేశారు. గడియ పెట్టారు, అది సరిగ్గా పడలేదన్నట్టు తీసి మళ్లీ పెట్టారు. ఎనిమిదీ మూడు నిమిషాలకి మలుపులో రిబ్బను కనిపించింది. దాని వెనకే నాలుగో తరగతి అన్నదమ్ములిద్దరు, వాళ్ల నాన్న. పిల్లలు ముగ్గురూ వరుసలో నిలబడ్డారు.

"ఏమైందమ్మా?"

"అమ్మ బస్సు దొరకలేదు," అంది ఒంటి రిబ్బను రొప్పుతూ, రెండో జడకి ముడి వేసుకుంటూ.

ఆ పిల్ల ఒక్కతే అయితే రాయకుండా పంపేసేవారా? రోజంతా ఆయన ఆ ప్రశ్నే వేసుకున్నారు. చూసేవాళ్లున్నారు, వెనకవాళ్లకి రాసి ముందుదానికి రాయకపోతే ఎట్లా అని తనకి తాను చెప్పుకున్నారు గానీ, నిజం అది కాదు. చెయ్యి రాసేసింది. తేదీ, తరగతి, వేళ. కారణం దగ్గర, బస్సు. పెన్ను ఎప్పటిలాగే గులాబీ దాకా దిగింది.

"థాంక్యూ మాస్టారూ." చీటీ అందుకున్నప్పుడు కృతజ్ఞత చెప్పాలి. అది పదో పేజీ.

ఆఫీసు గదిలో పంకా, రెండు బీరువాలు, కంప్యూటరు, సిలువ. హాజరుపట్టీలో ఆ పిల్ల వరుసలో ఎర్ర సిరాతో చిన్న గీత గీసి, చివరి గడిలో ఇరవై ఒకటి వేశారు. కంప్యూటరులో ఉత్తరం సిద్ధంగా ఉంది. పేరు, తరగతి నింపితే చాలు, మిగిలిందంతా పాతదే. చింతిస్తున్నాము అన్న మాట కూడా ముందే కొట్టి ఉంది. ఆయన పేరు నింపలేదు. టీచర్లకి ప్రశ్నపత్రాలు అచ్చు తీసి ఇచ్చారు, చాక్‌పీసులు లెక్కపెట్టి ఇచ్చారు, ఎవరికో ముక్కులోంచి రక్తం వస్తే దూది ఇచ్చారు. పేరు మాత్రం నింపలేదు.

పదిన్నరకి రెండో తరగతి టీచరు తలుపు దగ్గరికి వచ్చింది. "మాస్టారూ, సిలబస్ మీటింగుంది. ఒక్క పీరియడు మా వాళ్ల దగ్గర కూర్చోండి. పాపసంకీర్తనం ప్రాక్టీసు. వాళ్లే చదువుకుంటారు, మీరు ఊరికే ఉంటే చాలు."

ఆ తరగతిలో ఉదయం సత్యోపదేశం, అంటే మతపాఠం, తరవాత లెక్కలు. మూడు వారాల్లో పిల్లలు చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకోవాలి, దానికి ముందు ఫాదర్ దగ్గర తమ పాపాలు ఒప్పుకునే మొదటి పాపసంకీర్తనం. లెక్కల్లో గడియారం చూడటం. గది వెనక గోడకి పురికొస కట్టి ఇరవై తొమ్మిది అట్ట గడియారాలు వేలాడదీశారు. బడికి ఎన్నింటికి రావాలో ముళ్లు పెట్టి చూపించమని టీచరు చెప్పింది. కొందరు పదకొండున్నర పెట్టారు. వాళ్లని చూసి మాస్టారికి నవ్వొచ్చింది.

పిల్లలు తమ తమ పాపాలు కాగితం మీద రాసుకుంటున్నారు. ఏడేళ్లవాళ్లకి పాపాలు దొరకడం ఎంత కష్టమో వాళ్ల మొహాలు చూస్తే తెలుస్తుంది. ఒకడు పక్కవాడివి చూసి రాస్తున్నాడు.

ఒంటి రిబ్బను చెయ్యెత్తింది. "మాస్టారూ, లేటుగా రావడం పెద్ద పాపమా, చిన్న పాపమా?"

ముందు బెంచీ పిల్ల వెనక్కి తిరిగింది. "అది నాలుగో ఆజ్ఞ కిందికి వస్తుంది. అమ్మానాన్నల మాట వినకపోవడం."

"అమ్మ మాట వింటేనే లేటవుతోంది," అంది ఒంటి రిబ్బను.

"అది అసలు పాపమే కాదమ్మా," అన్నారు మాస్టారు.

"మరి రూల్ బుక్కులో ఉందిగా?"

"రూల్ బుక్కు వేరు, పాపాలు వేరు."

"రూల్ బుక్కు ఎవరు రాశారు?"

"పెద్ద మదర్."

"పెద్ద మదర్‌కి ఎవరు చెప్పారు?"

ఆయన కిటికీలోంచి ఆఫీసు గది వైపు చూశారు. ఆ పిల్ల కాగితం మీద ఏదో రాసి, కొట్టేసి, మళ్లీ రాసుకుంది.

మీటింగు నుంచి టీచరు రాగానే ఆయన తిన్నగా పాత బీరువా దగ్గరికి వెళ్లారు. అప్పట్లో బడి చూసుకున్న పెద్ద మదర్ పదకొండేళ్ల కిందట ఈ నియమావళి రాసి, అది ప్రెస్సుకి వెళ్లిన వారానికే వేరే ఊరి కాన్వెంటుకి మారిపోయారు. రెండేళ్లకి అక్కడే కన్నుమూశారు. ఆవిడ చేత్తో రాసిన ప్రతి ఎక్కడో ఉండాలి. దాని చివర ఏదైనా మినహాయింపు, అచ్చులోకి ఎక్కించకుండా వదిలేసిన ముక్క ఒక్కటి ఉండకపోదా అని ఆయన ఆశ. ఆవిడ దయగల మనిషి.

ప్రతి దొరికింది. అంచులు పసుపెక్కాయి. తొమ్మిదో పేజీ తీశారు. ఉదయం 8 గంటలకు గేటు మూయబడును. ఆ కింద, 3 ఆలస్యములు ఒక గైర్హాజరు. మినహాయింపులు ఏమీ లేవు. కాగితం మడవబోయి ఆగారు.

గేటు మూసే ఎనిమిదికీ, ఆలస్యాల మూడుకీ తేడా లేదు. రెండూ ఒకటే అంకె. పెద్ద మదర్ తొందరలో ఎనిమిదికి ఎడమపక్క మూసేవారు కాదు. పైది ఎనిమిదని ఆయన ఎలా చదివారంటే, బడి ఎనిమిదింటికని ఊరందరికీ తెలుసు కాబట్టి. మూడింటికి గేటు మూస్తారని రాస్తే ఎవరైనా నవ్విపోతారు. కింది అంకెకి అలా చెప్పేవాళ్లెవరూ లేరు. కంటికి మూడులా కనిపించింది, మూడని కొట్టారు. ఆ తరవాత పదేళ్లూ పాత పుస్తకం చూసి కొత్త పుస్తకం కొట్టారు.

కూర్చున్నారు. మంచినీళ్లు తాగారు. అప్పుడు లేచి, గులాబీ చీటీల పాత పుస్తకాలన్నీ దింపి, ఆ రూలు మీద వెళ్లిపోయిన పిల్లల లెక్క తీశారు. భోజనం గంట మోగింది. భార్య కట్టిచ్చిన డబ్బా మూత కూడా తియ్యలేదు.

హెడ్మిస్ట్రెస్ సిస్టర్ వయసులో ఆయన కంటే ఇరవై ఏళ్లు చిన్న. వచ్చి రెండేళ్లయింది. పిల్లల పుట్టినరోజులు గుర్తుపెట్టుకుంటుంది, టీచర్లని ఏకవచనంలో పిలవదు.

"కూర్చోండి మాస్టారూ."

ఆయన కూర్చోకుండానే కాగితం బల్ల మీద పరిచి, రెండు అంకెల మీదా వేలు పెట్టి చూపించారు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"నిజమే," అంది. "రెండూ ఎనిమిదే."

"ఎనిమిదయితే ఆ పిల్లకి పదకొండే సిస్టర్. ఇరవైకి ఇంకా ఎంతో దూరం."

"ఈ రూలు మీద ఇప్పటిదాకా ఎంతమంది వెళ్లారు?"

"పద్నాలుగు మంది."

"ఎనిమిదని వేసి ఉంటే?"

"అయిదుగురే వెళ్లేవాళ్లు." ఆయన బల్ల అంచు పట్టుకున్నారు. "తొమ్మిదిమంది ఉండేవాళ్లు. ఆ టీసీలన్నీ నేనే రాశాను."

సిస్టర్ కిటికీ వైపు తిరిగింది. బయట పిల్లలు భోజనాల తరవాత వరుసలు కడుతున్నారు. "ఆ తొమ్మిదిమంది ఇళ్లకి నేను ఏమని చెప్పాలి మాస్టారూ? పోయిన నెల మన కమిటీ పెద్దాయన మనవణ్ణి ఇదే రూలు మీద పంపించాం. ఆయన నా ఎదురుగా ఈ కుర్చీలోనే కూర్చుని బతిమాలాడు. రూలు అందరికీ ఒకటే అన్నాను. ఈ రోజు ఈ అమ్మాయిని ఉంచితే, అది అబద్ధమవుతుంది."

"తప్పు నాదని రాసిస్తాను."

"మీరు రాస్తే అయిపోతుందా? పుస్తకం మీద నా సంతకం ఉంది. వాళ్లమ్మ సంతకమూ ఉంది. సీటు కోసం ఇద్దరు ఎదురుచూస్తున్నారు, ఒకరిని సోమవారం రమ్మని చెప్పక తప్పదు." ఆవిడ గొంతు తగ్గింది. "వచ్చే ఏడాది పుస్తకంలో ఎనిమిదని వెయ్యండి. అంతకంటే నా చేతిలో ఏమీ లేదు. నాకు బాధ లేదనుకోకండి."

బాధ ఉందని ఆయనకి కనిపిస్తూనే ఉంది. ఆవిడ చెడ్డమనిషయినా బాగుండేది, తిట్టుకోవడానికి ఒకరుండేవారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని, ఉత్తరంలో పేరు నింపారు.

తల్లి రెండింటికి వచ్చింది. ఫోను చేసి లేపి ఉంటారు, ఒక చెంప మీద దిండు గీతలు ఇంకా ఉన్నాయి. భుజం మీద పసివాడు నిద్రపోతున్నాడు. సిస్టర్ గదిలోకి వెళ్లి పావుగంటలో బయటికి వచ్చి, కాగితాల మీద సంతకం పెట్టడానికి మాస్టారి బల్ల ముందు నిలబడింది. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేని మనిషిలా ఉంది.

"ఎక్కడ పెట్టమంటారు?"

ఆయన వేలితో చూపించారు. పెట్టింది.

"అమ్మా, ఇందులో తప్పు నాది," అన్నారు.

"అయ్యో, మీ తప్పేముంది మాస్టారూ. ఒక్క రోజు కూడా కసురుకోలేదని ఇంటికొచ్చి చెబుతుంది."

"అది కాదమ్మా. అంకె తప్పు. పుస్తకంలో ఎనిమిది ఉండాలి. నేను మూడని కొట్టాను, పదకొండేళ్ల కిందట. ఎనిమిదైతే మీ అమ్మాయి..."

ఆవిడకి ఆవలింత వచ్చింది. సిగ్గుపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఎనిమిదో మూడో, ఏదైతేనేం లెండి. నలభై అయిదు సార్లు లేటు చేసింది నేనేగా. మీరు ఉన్నదే రాశారు." పసివాణ్ణి ఇంకో భుజం మీదికి మార్చుకుంది. "ఒక్కటే భయం నాకు. తెల్ల గౌను కుట్టించాను, సత్ప్రసాదానికి. వేరే బడికి పోయినా మన చర్చిలో ఇస్తారు కదండీ?"

సత్ప్రసాదానికి పేర్ల పట్టిక తరగతి వారీగా బడి నుంచే వెళ్తుందని ఆయనకి తెలుసు. ఆ పట్టికా ఆయనే కొడతారు.

"ఫాదర్‌ని అడుగుతానమ్మా," అన్నారు. అంకె సంగతి ఇంకోసారి చెప్పడానికి నోరు రాలేదు. చెబితే మాత్రం ఆవిడ ఏం చేస్తుంది? ఇంకాస్త నిద్ర చెడగొట్టుకుంటుంది. ఒప్పుకుంటే బరువు దిగుతుందని ఉదయం పిల్లలకి చెప్పిన పాఠంలో ఉంది. ఆయనకేమీ దిగలేదు.

ఒంటి రిబ్బను సంచీ తగిలించుకుని వచ్చింది. ఇప్పుడు రెండు జడలకీ రిబ్బన్లున్నాయి. తల్లి చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిచి, అక్కడ బల్ల దగ్గర ఆగిపోయింది.

"పద," అంది తల్లి.

"చీటీ కావాలమ్మా. ముందు వెళ్లినా చీటీ ఉండాలి."

మాస్టారు వెనకే వచ్చారు. "ఈ రోజుకి అక్కర్లేదులే తల్లీ."

"ఉండాలి మాస్టారూ. లేకపోతే రేపు అడుగుతారు."

ఆయన బల్ల దగ్గర కూర్చున్నారు. కార్బన్ సర్దారు. తేదీ, తరగతి, వేళ రాశారు. కారణం దగ్గర పెన్ను ఆగింది. ఆయన చీటీల్లో కారణాలు నాలుగే: జ్వరం, బస్సు, నిద్ర, ఇంటిపని. అయిదోది ఎప్పుడూ అవసరం పడలేదు. చీటీ చింపి ఇచ్చారు.

పిల్ల చదువుకుంది. "కారణం రాయలేదు."

"తరవాత రాస్తాలే."

"థాంక్యూ మాస్టారూ," అంది. తల్లీ, పసివాడూ, అదీ మలుపు దాకా మెల్లగా నడిచి వెళ్లారు. బడికి ఎప్పుడూ పరుగెత్తుకొచ్చే పిల్ల నడవడం ఆయన అదే మొదటిసారి చూడటం.

మూడున్నరకి గంట కొట్టారు. పిల్లలు వెళ్లిపోయారు. ఫాదర్‌కి ఫోను చేస్తే, మీ బడి పట్టికలో పేరుంటే నాకేం అభ్యంతరం మాస్టారూ అన్నాడు. ఆయన సరే ఫాదర్ అని పెట్టేశారు. పెద్ద మదర్ రాసిన కాగితాన్ని వచ్చే ఏడాది ఫైలులో పెట్టి, తొమ్మిదో పేజీలో మూడు చెరిపి ఎనిమిది కొట్టారు. ఒక్క మీట నొక్కితే అయిపోయింది. అంత తేలికని ఆయనకి ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

తాళాల గుత్తి పట్టుకుని ఒక్కో తరగతి తలుపూ వేసుకుంటూ రెండో తరగతికి వచ్చారు. కిటికీలు మూశారు. బోర్డు మీద రేపటి తేదీ వేసి ఉంది. మూడో బెంచీలో ఖాళీ అయిన చోట రేపు ఎవరు కూర్చోవాలో పిల్లలు అప్పుడే తేల్చుకున్నట్టున్నారు, ఎవరిదో పెన్సిలు డబ్బా జరిగి ఉంది. తలుపు వెయ్యబోతూ వెనక గోడ వైపు చూశారు. తన గడియారం తీసుకెళ్లమని ఒంటి రిబ్బనుకి ఎవరూ చెప్పి ఉండరు, దానికీ గుర్తుండి ఉండదు.

పురికొస మీద, గాలికి కొంచెం కదులుతూ, పెద్ద ముల్లు పదకొండు మీదా చిన్న ముల్లు ఎనిమిదికి కాస్త ఇవతలా పెట్టిన అట్ట గడియారం. అందులో రెండు సున్నాలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, ఎక్కడా సందు లేకుండా మూసి రాసిన ఎనిమిది.